రెండో మాస్టా, సీఎఫ్‌డీనా? గాలిమరల లెక్కలో ఏది ఎప్పుడు

మొన్న హైదరాబాద్ నుంచి ఓ తమ్ముడు ఫోన్ చేశాడు. చిన్న కన్సల్టెన్సీలో పని. అనంతపురం వైపు ఓ గట్టు మీద పదిహేను మరల ప్రాజెక్టు, ఒకటే మాస్టు (గాలి కొలిచే పొడవాటి స్తంభం), ఏడాదిన్నర డేటా. "అన్నా, క్లయింటు దగ్గర కొంచెం డబ్బు మిగిలింది. ఎల్‌ఈఎస్ చేయించమంటావా, రాన్స్ చాలంటావా? లేకపోతే వాస్ప్‌తోనే లాగించేద్దామా?" అన్నాడు. మూడూ కంప్యూటర్‌లో గాలి లెక్క కట్టే దారులే, ఒక్కోదాని సంగతి కింద చెబుతాను. ఇంకో మాస్టు నిలబెడితే ఎంతవుతుందో కనుక్కున్నావా అని అడిగితే అవతల కాసేపు మాట లేదు.

ఇలాంటి ఫోన్లు నాకు నెలకి రెండైనా వస్తాయి. అడిగేది ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ పేరు. నేను ముందు అడిగేది, అసలు నీకు తెలియాల్సింది ఏంటి అని. కొండ మీద ఏ చోట గాలి ఎంత అన్నది ఒక ప్రశ్న. ముందు మర వెనక మరకు ఎంత మిగులుతుందన్నది ఇంకొకటి. బ్లేడు మీద గాలి ఎలా పారుతుందన్నది మరొకటి. మూడింటినీ సీఎఫ్‌డీ, అంటే గాలి పారకాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడం, అనే ఒక్క మాటతోనే పిలుస్తాం కానీ లెక్క కోసం గాలిని కోసుకునే గడుల సైజు, పట్టే టైము, కావాల్సిన మనిషి, అన్నీ వేరు. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: కొలత తక్కువున్న చోట ఖరీదైన మోడల్ కొనడం శుద్ధ దండగ. అలాగని సీఎఫ్‌డీ వద్దనడం లేదు. నా బువ్వ దాంతోనే.

కొండ మీద గాలి: వాస్ప్, రాన్స్, ఎల్‌ఈఎస్

మొదట వాస్ప్. డెన్మార్క్‌లోని రీసో ప్రయోగశాల 1987లో బయటికి తెచ్చిన ప్రోగ్రాం. ప్రపంచంలో సగం గాలిమరల ప్రాజెక్టులు దీని చేతుల మీదుగానే పోయాయంటే పెద్ద అతిశయోక్తి కాదు. కొండ అడ్డొస్తే గాలిలో వచ్చే మార్పు చిన్నదే అనుకుని, ఆ మార్పును మాత్రం విడిగా లెక్కగట్టే లీనియర్ పద్ధతి ఇది. మామూలు లాప్‌టాప్‌లో నిమిషాల పని. దాని నమ్మకం ఒక్కటే: గాలి నేలను అంటిపెట్టుకుని ఎక్కుతుంది, అంటిపెట్టుకునే దిగుతుంది. వాలు మెల్లగా ఉన్నంత కాలం ఆ నమ్మకం చెల్లుతుంది. వాలు 30 శాతం, అంటే సుమారు 17 డిగ్రీలు దాటిందా, శిఖరం దాటాక గాలి నేలను వదిలేస్తుంది. కింద సుడి పడుతుంది. ఆ సుడి వాస్ప్‌కి కనిపించదు. దానికి అది ఇంకా నున్నటి కొండే. కాబట్టి గాలి ఎక్కువ చెబుతుంది.

దీన్ని పసిగట్టడానికి రిక్స్ అనే కొలత ఉంది. మర చుట్టూ 3.5 కిలోమీటర్ల వరకు చూసి, నేలలో ఎంత శాతం ఆ 30 శాతం వాలు కన్నా నిటారుగా ఉందో చెబుతుంది. అసలు రిక్స్ కన్నా, మాస్టు దగ్గరి రిక్స్‌కీ మర దగ్గరి రిక్స్‌కీ ఉన్న తేడా ముఖ్యం. మాస్టూ మరా రెండూ ఒకే రకం కొండ మీద ఉంటే తప్పు రెండు వైపులా పడి చాలావరకు కొట్టుకుపోతుంది. మాస్టు చదునులో, మర ఎగుడుదిగుడు గట్టు మీద ఉంటే వాస్ప్ అంకె పైకి పోతుంది. పైసా ఖర్చు లేకుండా సీఎఫ్‌డీ కావాలా వద్దా తేల్చే పరీక్ష ఇదే. ఉరవకొండ, వజ్రకరూరు వైపు విశాలమైన మెరకల మీద చాలా చోట్ల తేడా సున్నాకి దగ్గరే వస్తుంది. అక్కడ వాస్ప్ పెట్టి నిశ్చింతగా ఉండొచ్చు. 1990ల్లోనే మరలు లేచిన రామగిరి కొండల్లాంటి చోట్ల, ఎగుడుదిగుడు గట్ల మీద, అది కుదరదు.

ఇక రాన్స్. గాలి ఉన్న చోటంతా గడులుగా కోసి, ప్రతి గడిలో ద్రవ్యరాశి, ద్రవ్యవేగం లెక్క సరిపోయేదాకా తిప్పుతాం. వచ్చేది సగటు గాలి. సుడులను ఒక్కొక్కటిగా చూడదు, వాటి మొత్తం ప్రభావాన్ని కె-ఎప్సిలాన్ లాంటి ఓ మోడల్‌కు అప్పజెప్పి ఊరుకుంటుంది. ఎల్‌ఈఎస్ అలా ఊరుకోదు. పెద్ద సుడులను క్షణక్షణం వెంటాడుతుంది, గడి కన్నా చిన్నవాటికి మాత్రమే మోడల్ వాడుతుంది. చెబితే ఎల్‌ఈఎస్సే గొప్ప అనిపిస్తుంది. వేళ్ల మీద లెక్క వేసి చూద్దాం.

ఆరు కిలోమీటర్ల చదరపు స్థలం. రాన్స్‌కి నేల మీద 25 మీటర్ల గడి చాలు. అటు 240, ఇటు 240, నిలువునా ఓ 60 వరసలు. సుమారు 35 లక్షల గడులు. అంచుల దగ్గర గడులు పెద్దవి చేసుకుంటూ పోతే ఇంకొంచెం పెరుగుతుంది, అంతే. మంచి వర్క్‌స్టేషన్ మీద ఒక దిశకు గంటలు పడుతుంది. 36 దిశలు చేసినా వారంలో పని తెమిలిపోతుంది. అదే స్థలానికి ఎల్‌ఈఎస్ అంటే గడి 5 మీటర్లైనా ఉండాలి. 1200, 1200, ఎత్తు కిలోమీటరున్నరకి 300. మొత్తం 43 కోట్ల గడులు. పైగా టైము. లెక్క చిన్న చిన్న కాలపు అంచెలుగా నడుస్తుంది. గాలి సెకనుకి 15 మీటర్లు పోతుంటే ఒక అంచెలో గడి దాటకూడదు కాబట్టి అంచె సెకనులో మూడోవంతుకు మించకూడదు. ఒక గంట గాలి చూడాలంటే పదివేలకు పైగా అంచెలు. ఇదంతా ఒక్క దిశకి, ఒక్క వేగానికి, ఒక్క రకం వాతావరణానికి. క్లస్టర్ అద్దె బిల్లు చూశాక మా క్లయింటు ఒకాయన "ఈ డబ్బుతో ఇంకో మాస్టే వచ్చేది కదప్పా" అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు.

ఖర్చు సంగతి అలా ఉంచితే, ఎల్‌ఈఎస్ జవాబు కచ్చితంగా మెరుగ్గా ఉంటుందా? డెన్మార్క్‌లో రోస్కిల్డె ఫ్యోర్డ్ అంచున బోలుండ్ అనే దిబ్బ ఉంది. ఎత్తు 12 మీటర్లు, మన ఊరి చెరువు కట్ట కన్నా కొంచెం ఎక్కువ. పడమటి ముఖం దాదాపు గోడలా నిటారు. 2007, 2008లో దాని మీద మాస్టులు పెట్టి కొలిచారు. కొలతలు దాచిపెట్టి, మీ మోడల్ ఏం చెబుతుందో పంపండని ప్రపంచంలో ఉన్న లెక్కలవాళ్లందరినీ అడిగారు. యాభైకి పైగా జవాబులు వచ్చాయి. సగటున తక్కువ తప్పు చేసినవి కె-ఎప్సిలాన్ లాంటి రెండు సమీకరణాల రాన్స్ మోడళ్లు. లీనియర్ మోడళ్లు ఆ గోడ దగ్గర చతికిలబడ్డాయి. ఎల్‌ఈఎస్‌లు రాన్స్‌ను దాటలేకపోయాయి. నాకు దీనికన్నా గుచ్చుకున్న విషయం వేరే ఉంది. ఒకే రకం మోడల్ వాడినవాళ్ల జవాబుల మధ్య కూడా బోలెడు తేడా. అంటే మోడల్ పేరు కన్నా దాన్ని నడిపే చెయ్యి ముఖ్యం. అప్పటికీ ఇప్పటికీ ఎల్‌ఈఎస్ చాలా ఎదిగింది, కాదనను. చెయ్యి సంగతి మాత్రం మారలేదు.

ఎదురుగా ఇంకో ఉదాహరణ ఉంది. స్కాట్లాండ్‌లో సౌత్ యూయిస్ట్ దీవి మీద ఆస్కెర్‌వేన్ కొండ, చుట్టుపక్కల నేల కన్నా 116 మీటర్ల ఎత్తు, నున్నటి కోలాకారం. 1982, 83లో అక్కడ కొలిచిన డేటాను మా పనిలో ఉన్న ప్రతివాడూ ఏదో ఒకరోజు తిరగేసినవాడే. గాలి ఎదురొచ్చే వైపు, శిఖరం మీద లీనియర్ లెక్క చక్కగా కలుస్తుంది. తేడా అంతా శిఖరం దాటాక కింది వాలు మీదే. మీ మరలన్నీ గాలికి ఎదురు అంచునే ఉంటే వెనక ఏమవుతోందన్నది మీ గొడవ కాదు. మూడు వరసలు వేసి, మూడో వరస వెనక వాలు మీదికి దిగుతుంటే అప్పుడది మీ గొడవే.

కాబట్టి నా వరస ఇది. రిక్స్ తేడా కొద్దిగా ఉంటే వాస్ప్. ఎక్కువగా ఉంటే రాన్స్. ఎల్‌ఈఎస్ మాత్రం ఎక్కడో రెండు మూడు మరల దగ్గర, టర్బులెన్స్, అంటే గాలి కుదుపుల, లెక్క తేలక మరల కంపెనీ వారంటీ ఇవ్వనంటున్న చోట మాత్రమే. గాలి మరకు నేరుగా ఎదురుగా కాక కింది నుంచి ఏటవాలుగా వస్తే ఎంతవరకు తట్టుకోవాలో గాలిమరల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61400-1లో ఉంది, 8 డిగ్రీలు. గట్టు అంచున ఆ కోణం దాటుతుందేమోనన్న అనుమానానికి కూడా రాన్సే చాలు.

రాన్స్ అనుకున్నాక కూడా మూడు దార్లు

గాలిమరల కోసమే కట్టిన ప్యాకేజీలు మొదటి దారి. నార్వే వాళ్ల విండ్‌సిమ్, ఫ్రాన్స్ వాళ్ల మెటియోడిన్, డెన్మార్క్ వాళ్ల వాస్ప్ సీఎఫ్‌డీ. నేల మ్యాపు ఇస్తే గడులు అవే వేసుకుంటాయి, దిశలన్నీ అవే తిప్పుతాయి, చివర ఏడాదికి ఎన్ని యూనిట్లో చెబుతాయి. వాస్ప్ సీఎఫ్‌డీలోనైతే రెండు కిలోమీటర్ల చదరపు పలకలు ఎంచుకుంటే లెక్క వాళ్ల క్లస్టర్‌లో జరిగి మన దగ్గరికి వస్తుంది. మనిషి తక్కువ, పని గబగబా కావాలి, బ్యాంకువాళ్లకు తెలిసిన పేరు కావాలి అంటే ఇవే. లోపల ఏం జరుగుతోందో పూర్తిగా కనబడదన్నదే లోటు.

రెండోది ఫ్లూయెంట్, స్టార్-సీసీఎం ప్లస్ లాంటి అన్ని పనుల సాఫ్ట్‌వేర్లు. బ్లేడుకి ఇవి బాగుంటాయి. కొండకి మాత్రం వీటికోసం కొత్తగా లైసెన్సు కొనకండి. కంపెనీలో ముందే ఉంటే వాడుకోండి.

మూడోది ఓపెన్‌ఫోమ్. ఉచితం. ఉచితమంటే డబ్బు ఉచితం, కాలం కాదు. నేర్చుకోవడానికి ఆరు నెలలు పెట్టుకోవాలి, అది కూడా పక్కన తెలిసినవాడు ఉంటే. దాని ట్యుటోరియల్స్‌లోనే టర్బైన్ సైటింగ్ అని కొండ, మర రెండూ ఉన్న ఉదాహరణ ఒకటి ఉంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి. కుర్రవాళ్లకు నేను చెప్పే మొదటి పని ఒకటే. కొండను తీసేయండి. చదును నేల మీద, మీరు లోపలికి పంపిన గాలి వేగం అవతలి అంచుకి అదే ఆకారంలో చేరిందా చూడండి. చేరదు. నేల గరుకుతనం, నేలను అంటిన గాలికి వేసే గోడ లెక్క, టర్బులెన్స్ స్థిరాంకాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే గాలి దారిలోనే తన రూపు మార్చుకుంటుంది. కె-ఎప్సిలాన్‌లో సీమ్యూ అనే స్థిరాంకం పుస్తకాల్లో 0.09 ఉంటుంది. వాతావరణపు గాలికి చాలామంది 0.033 దాకా దింపుతారు, దాంతోపాటు మిగతావీ సర్దుతారు. ఖాళీ పెట్టెలో కుదరని లెక్క కొండ మీద కుదిరిందంటే అది యాదృచ్ఛికం.

ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా లోపలికి పోసేది ఒకటే, మ్యాపూ గరుకుతనమూ మాస్టు డేటా. ఇక్కడే చేతులు కాల్చుకుంటాం. ఓ గట్టు మీద మాకు రెండు మాస్టులు ఉండేవి. ఒకదాని డేటా ఇచ్చి రెండోదాని గాలిని చెప్పమంటే రాన్స్ ఎంతకీ కలవదు. గడులు చిన్నవి చేశాం, టర్బులెన్స్ మోడల్ మార్చాం, మూడు వారాలు పోయాయి. చివరికి మా దగ్గరే చిక్కు బయటపడింది. ఒక మాస్టు అక్షాంశ రేఖాంశాలు పాత టోపోషీట్ చూసి రాసుకున్నవి. అవి మన పాత మ్యాపులు వాడే ఎవరెస్ట్ డేటమ్ అనే కొలత చట్రంలో ఉన్నాయి. మ్యాపేమో జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84లో. మన ప్రాంతంలో ఆ రెండింటికీ నేల మీద వంద మీటర్లకు పైనే తేడా. గట్టు నెత్తిన ఉన్న మాస్టు కంప్యూటర్‌లో వాలు మీదికి జారి కూర్చుంది. ఎల్‌ఈఎస్ చేయించి ఉంటే అదే తప్పును ఇంకా అందమైన రంగుల్లో చూసేవాళ్లం.

గరుకుతనం సంగతి కూడా అంతే. మన దగ్గర వేరుశనగ చేను ఎండాకాలంలో బట్టతల, ఆగస్టులో పచ్చటి పరుపు. శాటిలైట్ మ్యాపు దాన్ని ఏడాదంతా ఒకే రంగు వేసి వదిలేస్తుంది. పైగా గాలి సాంద్రత. చాలా ప్రోగ్రాముల్లో మనం ముట్టుకోకపోతే ఘనపు మీటరుకి 1.225 కిలోలు ఉంటుంది. సముద్రమట్టంలో, 15 డిగ్రీల దగ్గరి గాలి అది. 500 మీటర్ల ఎత్తున్న మెరక మీద 30 డిగ్రీల వేడిలో 1.10 దాటదు. పవర్‌లో పది శాతం అక్కడికక్కడే తేడా. రాన్సా ఎల్‌ఈఎస్సా అని కొట్టుకునే ముందు ఆ ఒక్క అంకె దిద్దుకుంటే చాలా ప్రాజెక్టులు బాగుపడతాయి.

రాత్రి గాలి గురించి ఒక మాట. మామూలుగా రాన్స్ నడిపేది న్యూట్రల్ వాతావరణంలో, అంటే పైగాలీ కిందగాలీ వేడి వల్ల ఒకదాన్నొకటి నెట్టుకోని స్థితిలో. ఆషాఢంలో గాలి హోరెత్తేటప్పుడు, మబ్బు పట్టి ఉన్నప్పుడు ఇది ఫర్వాలేదు. నింగి తేటగా ఉన్న రాత్రి నేల చల్లబడి, కింది గాలి మందగించి, పైన మాత్రం వేగం పుంజుకుంటుంది. 50 మీటర్ల మాస్టు డేటాతో 130 మీటర్ల ఎత్తున్న హబ్ (బ్లేడులు కలిసే ఇరుసు) దగ్గరి గాలిని చెప్పాలంటే అప్పుడు న్యూట్రల్ లెక్క తడబడుతుంది. దీనికి ముందు వెతకాల్సింది కొత్త సాల్వర్ కాదు, ఎత్తున్న కొలత. అది దొరక్కపోతే డబ్ల్యూఆర్‌ఎఫ్ లాంటి వాతావరణ మోడల్‌ను జోడించాలి. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ నివే మ్యాపులు, డెన్మార్క్ వాళ్లు ప్రపంచ బ్యాంకుతో కలిసి పెట్టిన గ్లోబల్ విండ్ అట్లాస్ ఇలాంటి మోడళ్ల మీద నిలిచినవే. 120 మీటర్ల ఎత్తులో ఆంధ్రప్రదేశ్‌కి సుమారు 75 గిగావాట్లు, తెలంగాణకి 25 దగ్గర అని నివే చెప్పిన అంకెలు ఏ జిల్లా వైపు చూడాలో చెప్పడానికి. ఏ సర్వే నంబరులో మర పాతాలో చెప్పడానికి కాదు.

మర వెనక మర

కళ్లంలో తూర్పారబట్టే రైతు గడ్డివామి చాటున నిలబడడు. చేట ఎత్తితే పొల్లు ఎటు పోతుందో ఆయనకి చర్మానికి తెలుసు. మన మరలకు మాత్రం ఆ వామి ముందు మరే. దాని వెనక మిగిలిన బలహీనపు గాలిని మేం వేక్ అంటాం.

దీన్ని లెక్కకట్టడానికి అతి చవకైన పద్ధతి జెన్సెన్ మోడల్. ఇది కూడా రీసోలో పుట్టిందే, 1983లో. క్యాలిక్యులేటర్‌తో చేసేయొచ్చు. మర గాలిని ఎంత గట్టిగా అడ్డుకుంటుందో చెప్పే థ్రస్ట్ గుణకం 0.8 అనుకుందాం. ఒకటిలోంచి 0.2 వర్గమూలం తీసేస్తే 0.55. నేల మీద వేక్ విచ్చుకునే రేటు 0.075. రోటర్ వ్యాసానికి ఐదింతల దూరంలో, ఒకటికి రెండు ఇంటూ 0.075 ఇంటూ 5 కలిపితే 1.75. దాని వర్గం 3.06. 0.55ను 3.06తో భాగిస్తే 0.18. అంటే వేగం 18 శాతం పడిపోయింది. పవర్ వేగం ఘనంతో పోతుంది కాబట్టి మిగిలేది 55 శాతమే. ఎనిమిదింతల దూరంలో చేస్తే వేగంలో 11 శాతం, పవర్‌లో 30 శాతం నష్టం. ఇప్పుడొచ్చే 3 మెగావాట్ల మరలకు రోటర్ 140 మీటర్లంటే ఐదింతలు 700 మీటర్లు, ఎనిమిదింతలు కిలోమీటరు పైనే. ఇదంతా గాలి సరిగ్గా వరస వెంబడి వీచినప్పటి మాట. ఏడాది మొత్తం మీద నష్టం దీనికన్నా చాలా తక్కువ. మనకు వానాకాలపు గాలి దాదాపు ఒకే వైపు నుంచి, పడమర నైరుతి నుంచి వస్తుంది. ఆ గాలికి అడ్డంగా వరసలు వేసి, వరసకీ వరసకీ మధ్య ఎక్కువ ఖాళీ వదిలితే సగం సమస్య తీరిపోతుంది. మన దేశంలో ఏళ్లుగా వినిపించే ఐదు డీ, ఏడు డీ (డీ అంటే రోటర్ వ్యాసం) దూరాల సూత్రం ఉద్దేశం అదే.

జెన్సెన్ కన్నా మెరుగైనవి, గాసియన్, అంటే గంట ఆకారపు, వేక్ మోడళ్లు, ఉచితంగానే దొరుకుతాయి. అమెరికా ప్రభుత్వ ఇంధన ప్రయోగశాల ఎన్‌ఆర్‌ఈఎల్ (2025 చివర్లో పేరు మారింది) వాళ్ల ఫ్లోరిస్, డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం డీటీయూ వాళ్ల పైవేక్. రెండూ పైథాన్. పదిహేను మరల ప్రాజెక్టుకి వీటిని దాటి పోవాల్సిన అవసరం నాకు అరుదుగా కనిపించింది. రాన్స్‌లో మరను ఓ పళ్లెంలా పెట్టి గాలిని వెనక్కి నెట్టించే యాక్చుయేటర్ డిస్క్ పద్ధతి ఉంది. కొండ, వేక్ ఒకదాన్నొకటి మెలిపెడుతున్న చోట, అంటే వేక్ గట్టు దిగి లోయలోకి వంగుతున్న చోట, దీనికి విలువ ఉంటుంది. చదునులో దీంతో పెద్దగా ఒరిగేది లేదు.

ఎల్‌ఈఎస్‌లో బ్లేడును ఓ గీతలా తిప్పే యాక్చుయేటర్ లైన్ పద్ధతిని సోరెన్సెన్, షెన్ 2002లో తెచ్చారు. ఎన్‌ఆర్‌ఈఎల్ వాళ్లు ఓపెన్‌ఫోమ్ మీద కట్టిన సోఫా అనే పరికరంలో వాడేది ఇదే. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. కానీ బ్లేడు కొస సెకనుకి 80 మీటర్లు తిరుగుతుంది, అంచెకి ఒక గడి దాటకూడదు. గడి 2 మీటర్లైతే అంచె సెకనులో నలభయ్యో వంతు. కొండ ఎల్‌ఈఎస్ కన్నా పదింతలకు పైగా ఎక్కువ అంచెలు. సముద్రంలో వందల మరల ఫారాలకు, మరల కంపెనీల పరిశోధనకు అది తగును. డెన్మార్క్ తీరాన 80 మరలున్న హార్న్స్ రెవ్‌లో 2008 ఫిబ్రవరి 12న వేకులన్నీ పొగమంచులో తెల్లటి తోకల్లా కనబడ్డ ఫొటో మీరు చూసే ఉంటారు. అక్కడ మరల మధ్య ఏడింతల దూరం. అలా ఉన్నా వరసలో రెండో మర దగ్గరే పెద్ద దెబ్బ తగులుతుంది, ఆ తర్వాత నష్టం దాదాపు అక్కడే నిలబడుతుంది. చవక మోడళ్లను దిద్దుకోవడానికి పనికొచ్చినవి ఇలాంటి చోట్ల నిజంగా కొలిచిన అంకెలే.

బ్లేడు దగ్గర కథ వేరు

ఇంతవరకు గడి మీటర్లలో ఉంది. బ్లేడు దగ్గరికొస్తే మైక్రాన్లలోకి పడిపోతుంది. కొస దగ్గర వెడల్పు మీటరు, వేగం సెకనుకి 80 మీటర్లు. ఉపరితలాన్ని అంటుకున్న గాలి పొరను నిజంగా చూడాలంటే మొదటి గడి ఎత్తు ఐదు మైక్రాన్లు ఉండాలి. మీ తల వెంట్రుక మందంలో పదోవంతు కన్నా తక్కువ. అలాంటి గడులతో మూడు బ్లేడులూ తిప్పడం ఎంత పనో ఊహించుకోవచ్చు.

అందుకే డిజైన్‌లో రోజువారీ పనంతా బీఈఎం అనే పద్ధతితో నడుస్తుంది. బ్లేడును ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకు ముందే తెలిసిన లిఫ్ట్ (ఎత్తే బలం), డ్రాగ్ (వెనక్కి లాగే బలం) పట్టిక వాడుతుంది. పట్టికకి ఎంఐటీలో మార్క్ డ్రెలా 1986లో రాసిన ఎక్స్‌ఫాయిల్ ఉంది, బీఈఎంకి బెర్లిన్ వాళ్ల క్యూబ్లేడ్ ఉంది. చదువుకీ పరిశోధనకీ రెండూ ఉచితం.

మరి అది నమ్మదగినదేనా? 2000లో ఎన్‌ఆర్‌ఈఎల్ వాళ్లు పది మీటర్ల రోటర్‌ను నాసా ఏమ్స్‌లోని పెద్ద గాలి సొరంగంలో, ఓ కల్యాణమండపాన్ని మింగేంత సొరంగంలో, పెట్టి కొలిచారు. ముందు అందరినీ అంచనాలు పంపమన్నారు. గాలి నెమ్మదిగా, స్టాల్ (గాలి బ్లేడు ఉపరితలాన్ని వదిలేయడం) లేకుండా ఉన్న తేలికైన సందర్భంలోనే పవర్ అంచనాలు కొలతలో 25 శాతం నుంచి 175 శాతం దాకా పోయాయి. అంచనాలు పంపినవాళ్లు నిపుణులే. గట్టిగా నిలిచిన వాటిలో పూర్తి త్రీడీ నేవియర్-స్టోక్స్ లెక్క, అంటే సీఎఫ్‌డీ, ఒకటి. దాంతో పట్టికలు, బీఈఎం దిద్దుబాట్లు చాలా మెరుగయ్యాయి. కాబట్టి బ్లేడుకి సీఎఫ్‌డీ విలువ ఇక్కడ ఉంది: స్టాల్, మొదలు దగ్గరి మందపాటి భాగం, కొస ఆకారం, అంచు అరిగిన బ్లేడు. మామూలుగా తిరిగే స్థితికి బీఈఎం చాలు. టర్బులెన్స్‌కి వాడాల్సింది మెంటర్ ఎస్‌ఎస్‌టీ అనే మోడల్, కె-ఎప్సిలాన్ కాదు. కొండకి నప్పింది బ్లేడుకి నప్పదు.

బీటెక్ ప్రాజెక్టు చేసేవాళ్లకు విడిగా చెప్పాలి. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు సవోనియస్ మరను, అంటే నిలువు ఇరుసు చుట్టూ తిరిగే చిన్న మరను, టూడీలో తిప్పి సామర్థ్యం 62 శాతం వచ్చిందని చూపిస్తారు. గాలిలోంచి ఏ మరైనా లాగగలిగే గరిష్ఠం, బెట్జ్ హద్దు, 59.3 శాతం బాబూ. టూడీలో గాలికి పైనుంచీ కిందినుంచీ తప్పించుకునే దారి ఉండదు, కొసల నష్టం ఉండదు, గోడలు దగ్గరైతే గాలిని ఇంకా తోస్తాయి. అందుకే అంకె పొంగుతుంది. ప్రాజెక్టుకి ఒక సలహా కావాలంటే, కొలిచిన డేటా బయట దొరికే ఒక ఎయిర్‌ఫాయిల్ తీసుకుని మూడు రకాల గడులతో చేసి, గడి చిన్నదవుతుంటే జవాబు ఎక్కడ ఆగుతుందో చూపండి. వైవాలో అడిగినవాళ్లకు చెప్పడానికి మీ దగ్గర ఏదో ఉంటుంది.

ఇంటి డాబా మీద చిన్న మర పెట్టుకునేవాళ్లు ఈ గొడవలోకి రావద్దు. గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్ కొని ఏడాది రాసుకోండి. చాలా డాబాల మీద ఆ రాతలు చూశాక సోలార్ ప్యానెల్ కొంటారు.

మళ్లీ మా తమ్ముడి గట్టు దగ్గరికి. రిక్స్ చూడమన్నాను. మాస్టు దగ్గర తక్కువ, తూర్పు కొసన ఐదు మరల దగ్గర బాగా ఎక్కువ. అంటే వాస్ప్ పోయింది, రాన్స్ కావాలి. అయితే రాన్స్ చెప్పింది నిజమని ఎవరు చెప్పాలి? మాస్టు ఒకటే కదా. రెండో మాస్టుకి డబ్బు చాలట్లేదన్నాడు. ఎల్‌ఈఎస్ కోసం దాచిందాంట్లోంచి మూడు నెలలకు లైడార్, అంటే నేల మీది నుంచే లేజర్‌తో పైగాలిని కొలిచే పరికరం, అద్దెకి తీసుకోమన్నాను. తూర్పు కొసన పెట్టి, రాన్స్ అక్కడేం చెబుతుందో దాంతో పోల్చమన్నాను.

లైడార్‌కీ కొండ మీద ఒక జబ్బుంది. అది ఆకాశంలోకి శంకువులా చూస్తుంది. 120 మీటర్ల ఎత్తులో ఆ శంకువు వెడల్పు కూడా ఇంచుమించు అంతే, ఆ వెడల్పంతా గాలి ఒక్కలాగే ఉందనుకుని లెక్క కడుతుంది. గట్టు నెత్తిన గాలి వంగి పోతుంటే అంకె కొన్ని శాతాలు తప్పుతుంది. దాన్ని దిద్దడానికి అదే రాన్స్ ఫలితం పనికొస్తుంది, కాకపోతే పరీక్షించేదీ దిద్దేదీ ఒకటే కాకుండా, గట్టు అంచుకి కొంచెం లోపలగా, చదునున్న చోట పెట్టుకోవాలి. "అన్నా, గాలి మొదలయ్యేలోపు పెట్టిస్తా" అన్నాడు. ఆషాఢానికి ఇంకా రెండు నెలలుంది. లైడార్ ఎక్కించే బండికి ఆ తూర్పు కొసదాకా దారి ఉందో లేదో ముందు వెళ్లి చూసి రమ్మన్నాను.